నెత్తిన వెండిచుక్క ఉన్న చేప

చిన్నీ,

ఇదేం చేపో చెప్పమని నువ్వు పంపిన ఫొటో చూశాను. పైనుంచి తీశావు, నీళ్ల మెరుపు అడ్డం పడింది. అయినా నడినెత్తిన వెండిచుక్క తళుక్కుమంటూనే ఉంది. దాన్నిబట్టే దీని ఇంటిపేరు తెలిసిపోతుంది: ఆప్లోకైలస్, కిల్లీలనే చిన్న చేపల్లో ఒక ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. ఏ జాతి అన్నదే చిక్కు.

ముందు ఒక గాజుసీసాలో వేసి, నీడలో పెట్టి అరగంట వదిలెయ్. వలలో బెదిరిన చేప రంగు వెలిసిపోతుంది, దాన్ని నమ్మి పేరు పెట్టకు. తర్వాత పక్కనుంచి చూడు. చదునైన తల, పైకి తెరుచుకునే నోరు, తోక దగ్గరికి జరిగిపోయిన పొట్టి వీపురెక్క. 1822లో హామిల్టన్ గంగానది చేపలను వర్ణిస్తూ ఆప్లోకైలస్ జాతుల్లో ఒకటైన పంచాక్స్‌ని ఈసాక్స్ ప్రజాతిలో చేర్చాడు, అంటే పైక్ అనే పెద్ద వేటచేపకు తమ్ముణ్ణి చేశాడు! నవ్వకు, ఆకారం అలాగే ఉంటుంది. ఇదీ వేటచేపే, నీటిపై పొరలో కదలకుండా కాచుకుని దోమపిల్లల్ని, పడ్డ పురుగుల్ని అందుకుంటుంది.

నేను ఒకప్పుడు గంబూసియా అనే దోమల చేపను పంచాక్స్ అనుకుని నెలల తరబడి సాకాను. ఒకరోజు తొట్టినిండా బతికున్న పిల్లలు! కిల్లీలు గుడ్లు పెడతాయి, గంబూసియా పిల్లల్ని కంటుంది. నువ్వు అన్నాళ్లు ఆగనక్కర్లేదు, పొట్ట కిందున్న వెనక రెక్క చూడు. ఆప్లోకైలస్‌కి అది వీపురెక్క కంటే బాగా పొడవు. మగ గంబూసియాకి సన్నటి పుల్లలా ఉంటుంది.

ఇక జాతి. వీపురెక్క మొదట్లో నల్లమచ్చ కనబడగానే పంచాక్స్ అనేస్తారు చాలామంది. తొందరపడకు, దగ్గరి జాతుల ఆడచేపలకూ ఆ మచ్చ ఉంటుంది. మగచేపకి కూడా ఉంటేనే పంచాక్స్ వైపు మొగ్గు. ఒంటి మీద నిలువు చారలుంటే లైనియేటస్ అనే ఇంకో జాతి ఆడది కావచ్చు. అది 10 సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది, బ్లాకీ అనే చిన్న జాతి 5 దగ్గర ఆగిపోతుంది. కానీ లైనియేటస్ పిల్ల బ్లాకీ అంతే ఉంటుంది కనుక కొలత ఒక్కటే పట్టుకుని వేలాడకు.

తొట్టికి మూత మరిచిపోకు, ఎగిరి బయటపడతాయి. సన్నాకుల మొక్క వేస్తే రోజుకు కొన్ని గుడ్లు అతికిస్తాయి, రెండు వారాల్లో పిల్లలొస్తాయి. వాటిని వేరు చెయ్, పెద్దవి మింగేస్తాయి. రెండు చోట్ల పట్టినవాటిని ఒకే తొట్టిలో మాత్రం కలపకు.

ఆడా మగా పక్కపక్కన ఉండేట్టు, పక్కనుంచి, స్కేలు పెట్టి మళ్లీ ఫొటో తియ్. పట్టింది పారే నీళ్లలోనో నిలవ నీళ్లలోనో కూడా రాయి. ఎక్కువైన చేపల్ని పట్టిన చోటే వదిలిపెట్టు, ఇంకో చెరువులో కాదు.

మీ మామయ్య