ముందు అన్నయ్య ఇంటికి వెళ్ళండి

"మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 62. డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) ఈమధ్యే రిటైరై కాకినాడలో ఉంటున్నాను. మాది కోనసీమలో ఒక పల్లె. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో 1979లో పదో తరగతి పాసైన వాళ్ళమంతా సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం బళ్ళో కలుస్తున్నాం. మా అన్నయ్య నాకన్నా ఏడాదిన్నర పెద్ద. ఏడో తరగతి కామన్ పరీక్ష తప్పి నా క్లాసులోకి వచ్చాడు. పదిలో ఇద్దరం ఒకేసారి పాసయ్యాం. అన్నయ్యకి చదువు అబ్బక వ్యవసాయంలో ఉండిపోయాడు. నేను కాలేజీకి వెళ్ళాను. తొమ్మిదేళ్ళ క్రితం నాన్నగారి సంవత్సరీకం రోజున కొబ్బరితోట లెక్కలు అడిగితే, 'అన్నం పెట్టినవాళ్ళనే లెక్కలడుగుతావా' అని వదిన నలుగురిలో నన్ను అనేసింది. అప్పట్నుంచీ మాటల్లేవు. మా అమ్మాయి పెళ్ళికి కూడా రాలేదు. ఇప్పుడు నిర్వాహకులు పాత హాజరుపట్టీ వరసలో అందరి ఫొటోలతో ఫ్లెక్సీ వేయిస్తున్నారు. ఇంటిపేరు ఒకటే కాబట్టి మా ఇద్దరివీ పక్కపక్కనే. నేను వెళ్ళాలా, మానాలా? వెళ్తే అన్నయ్య గురించి అడిగినవాళ్ళకి ఏం చెప్పాలి? ఫొటోలు విడివిడిగా వేయమని అడగొచ్చా?"

ముందు ఫ్లెక్సీ సంగతి తేల్చేద్దాం. మీ ఫొటో ఎవరి పక్కన ఉందో ఎవరికీ పట్టదు. సాయంత్రానికి దాన్ని విప్పి ఎవరో పశువులపాక మీద కప్పుకుంటారు. ఫొటోలు మార్చమని మీరు ఫోన్ చేశారా, ఇన్నాళ్ళూ ఇంటి గొడవగా ఉన్నది ఆ రాత్రికే మీ క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి చెయ్యకండి. ఇక వెళ్ళాలా మానాలా అన్నది ఉత్తుత్తి ప్రశ్న. మీరు వెళ్ళడానికే నిశ్చయించుకున్నారు. అమలాపురంలో లాడ్జి గది కూడా బుక్ చేశారు కదా.

మీ ఉత్తరంలో నేను ఇక్కడ ఇవ్వని రెండు పేజీలు ఉన్నాయి. బ్యాంకులో మేనేజరుగా రిటైరైన మిత్రుడికి రెండు మోకాళ్ళూ మార్చారట. ఇంకొకరు ఆరు నెలలు అమెరికాలో మనవల దగ్గర, ఆరు నెలలు హైదరాబాద్‌లో ఉంటున్నారట. ఆర్టీసీలో డ్రైవరుగా చేసినాయన ఇప్పుడు నలుగుర్నీ పోగేసి అరుణాచలం తీసుకెళ్తున్నారట. ఎవరికి స్టెంట్ వేశారో, ఎవరికి షుగర్ ఎంతుందో కూడా రాశారు. నలభై ఏళ్ళకి పైగా చూడని మనుషుల మోకాళ్ళ గురించి మీకు తెలుసు. మీ అన్నయ్య ఒంట్లో ఎలా ఉందో ఒక్క ముక్క లేదు.

ఒక్కటి మాత్రం రాశారు. రిటైర్మెంట్ తర్వాత ఏం చేస్తున్నారో అందరూ చెప్పాలని గ్రూపులో అడిగితే, మీ అన్నయ్య 'నాకు రిటైర్మెంట్ లేదు. దాళ్వాకి ఆకుమడి పోశాను' అని, అంటే రెండో పంట వరికి నారు పోశానని, పెట్టారట. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారట. మీరేమీ పెట్టలేదు. కానీ ఆ రెండు ముక్కలూ పొల్లుపోకుండా నాకు రాసి పంపారు. మీ మనసు ఎక్కడ గుచ్చుకుందో అక్కడే తెలిసిపోయింది.

పదిలో ఇద్దరం ఒకేసారి పాసయ్యాం అంటారు. ఆ వెంటనే అన్నయ్యకి చదువు అబ్బలేదంటారు. చదువు అబ్బనివాడు పది ఎలా గట్టెక్కాడండీ? మూడున్నర ఎకరాల రైతు ఇంట్లో ఇద్దరు మగపిల్లలు ఒకే ఏడు పాసైతే ఏమవుతుందో డెల్టాలో ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. ఒకణ్ణి కాలేజీకి పంపుతారు, ఒకణ్ణి చేలోకి దింపుతారు. మార్కులు ఎక్కువ వచ్చినవాణ్ణి పంపి ఉంటారు, కాదనను. కానీ కాకినాడలో మీ హాస్టల్ మెస్ బిల్లు నెలనెలా ఎక్కణ్ణుంచి వచ్చింది? నాన్నగారు కట్టారు అంటారు. నాన్నగారి చేలో కూలి తీసుకోకుండా పనిచేసింది ఎవరు? సెలవులకి వచ్చి వెళ్ళేటప్పుడు సున్నుండల డబ్బా కట్టిచ్చింది వదినే అని మీరే రాశారు. మరి ఆవిడ అన్న మాటలో అబద్ధం ఎక్కడుంది? నలుగురిలో అనకుండా ఉండాల్సింది, నిజమే. సంవత్సరీకం నాడు, విస్తళ్ళు ఇంకా ఎత్తకముందే, లెక్కలు అడిగింది కూడా నలుగురిలోనే.

ఇక మీరు ఉత్తరంతో పాటు పంపిన ఆ లెక్కల కాగితం. చెట్టుకి ఇన్ని కాయలని, ఏడాదికి ఇన్ని దింపులని, కాయకి ఇంతని గుణించి, అందులో సగం మీకు రావాలని తేల్చారు. ఇంజనీరు గారి అంచనా కదా, ఒక్క కొట్టివేత కూడా లేదు. దింపు కూలి, వలుపు కూలి, ఎరువులు, కొమ్ము పురుగుకి పెట్టిన ఖర్చు కూడా లేవు. అవి వదిలేద్దాం. ఎకరంన్నర తోటలో 1996 తుపానుకి ఆరు చెట్లే మిగిలాయని మీరే రాశారు. ఆ నవంబరు 6 రాత్రి కోనసీమలో తోటలకి తోటలు నేలకి ఒరిగిపోయాయి. అంటే ఆ ఆరూ పోను, ఇవాళ మీరు కాయలు లెక్కపెడుతున్న చెట్లన్నీ ఆ తర్వాత నాటినవి. దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. పడిపోయిన మానులు కోయించి, మొదళ్ళు పెకలించి, గోతులు తీసి, మొక్కలు పెట్టి, అవి ఎదిగేదాకా మధ్యలో అరటి వేసుకుని ఇల్లు గడిపినదెవరు? చెట్లు కాపుకి వచ్చే సమయానికి కాయలకి నల్లి పడితే మందులు పెట్టినదెవరు? అప్పుడు మీరు ఏ సబ్ డివిజన్‌లో ఉన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఆరేడేళ్ళలో తోట లెక్కలు అడగాలని మీకు తోచలేదు.

2011లో ఒక్క బస్తా ధాన్యం కూడా ఇంటికి రాలేదని అన్నయ్య చెప్పాడు, ఎలా నమ్మమంటారని ఇంకో చోట అడిగారు. ఆ ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక క్రాప్ హాలిడే ప్రకటించి చేలు బీళ్ళుగా వదిలేశారండీ. ఆ సంగతి దేశమంతా పేపర్లలో వచ్చింది. పక్కనే కాకినాడలో ఉన్న తమ్ముడికి మాత్రం అన్నయ్య బస్తాలు దాచేశాడేమోనన్న అనుమానం వచ్చింది.

మీకు వాటా లేదని అనను. ఉంది. కానీ సగం లేదు. మీ ఉత్తరంలో చెల్లెలు ఒకే ఒక్కసారి కనిపిస్తుంది, అదీ మీ అన్నదమ్ముల మధ్య కబుర్లు మోయడానికి. అమ్మ ముందే పోయిందన్నారు, నాన్నగారు వీలునామా రాయలేదన్నారు. అలాంటప్పుడు అది ఆయన స్వార్జితమైనా, పిత్రార్జితమైనా ఆడపిల్లకి మీతో సమానంగా వాటా వస్తుంది. అంత నీటుగా వేసిన లెక్కలో భాగహారమే తప్పు.

అమ్మాయి పెళ్ళి దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. శుభలేఖ వాట్సాప్‌లో పెట్టి, తర్వాత చెల్లెలి చేత చెప్పించారట. పెళ్ళికూతురి పెదనాన్న ఇంటికి మీ దంపతులిద్దరూ వెళ్ళి, వదినకి బొట్టు పెట్టి పిలవలేదు. మాటల్లేవు కాబట్టి అలా చేశామంటారు. మాటలు లేనప్పుడే కదా అలా వెళ్ళాల్సింది! పిలవని పెళ్ళికి రాలేదని అలగడం ఏమిటి? వాళ్ళ చోట నేనున్నా వచ్చేదాన్ని కాదు.

అన్నయ్యని వెనకేసుకొస్తున్నానని మీకు అనిపించొచ్చు. ఆయన తప్పూ ఉంది. తమ్ముడు లెక్కలు అడిగినప్పుడు నోటుపుస్తకం తెచ్చి ముందు పడేయాల్సింది. తొమ్మిదేళ్ళు బిగదీసుకుని కూర్చోవడం పెద్దరికం అనిపించుకోదు. కానీ ఉత్తరం రాసింది ఆయన కాదు, మీరు.

ఇంకో సంగతి. మీకు నెలనెలా పెన్షన్ పడుతుంది. డీఏ ఆలస్యంగానైనా పెరుగుతుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ ఉన్నాయి, హెల్త్ కార్డు ఉంది, మీ తర్వాత మీ ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ ఉంది. మీ అన్నయ్యకి ప్రభుత్వం నుంచి ఖాయంగా పడేదని మీరు రాసింది ఒక్కటే, పీఎం కిసాన్. ఏడాదికి 6 వేలు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే ఏడు పాసైనవాళ్ళు. మీరు కష్టపడలేదని నేను అనడం లేదు. కానీ ఈ తేడా అంతా మీ కష్టంతోనే వచ్చిందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? ఆయన రుణం తీర్చమని నేను చెప్పను, అది తీరేదీ కాదు. రుణం ఉందని ఆయన ముందు ఒప్పుకోండి చాలు. దానికి ఆత్మాభిమానం అడ్డొస్తోందని రాశారు. అన్నయ్య గుమ్మం తొక్కితే పోయే ఆత్మాభిమానం ఏ తమ్ముడికీ ఉండకూడదని నా నమ్మకం. మీకు నచ్చకపోతే ఈ జవాబు ఇక్కడితో పక్కన పెట్టేయొచ్చు.

వెళ్ళేట్టయితే పండగకి ముందే, ఒక మామూలు రోజు చూసుకుని వెళ్ళండి. పండగ మూడు రోజులూ ఇంటి నిండా కూతుళ్ళు, అల్లుళ్ళు ఉంటారు. వాళ్ళ ముందు ఆయన మెత్తబడలేరు. మీ ఆవిడని వెంట తీసుకెళ్ళండి. చెల్లెల్ని తీసుకెళ్ళకండి, ఇన్నేళ్ళూ మధ్యవర్తిత్వం చేసి ఆవిడ అలిసిపోయి ఉంటుంది. వస్తున్నామని ఫోన్ చేయకండి. పుట్టినింటికి ఎవరూ అడిగి వెళ్ళరు. వదినకి చీర, అన్నయ్యకి పంచెల చాపు పట్టుకెళ్ళండి. అమ్మాయి పెళ్ళికి పిలవాల్సిన పద్ధతిలో పిలవలేదు, తప్పు నాదే అని వదినతో మీరే చెప్పండి. ఆ పని మీ ఆవిడకి అప్పజెప్పకండి. తోట ఊసు మీరు ఎత్తొద్దు, ఆయన ఎత్తినా 'అది తర్వాత చూద్దాం అన్నయ్యా' అనండి. మొదటిసారే అంతా సర్దుకుంటుందని అనుకోకండి. వదిన విసురుగా లోపలికి వెళ్ళిపోవచ్చు. కాఫీ ఇస్తే తాగండి, ఇవ్వకపోతే మంచినీళ్ళు అడిగి తాగండి. ఒక గంట కూర్చోండి.

ఈ పని బళ్ళో స్టేజీ మీద చేద్దామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మైకు, శాలువాలు, పాతికమంది చేతుల్లో సెల్‌ఫోన్లు. అక్కడ మీరు వెళ్ళి కాళ్ళకి దండం పెడితే ఆయన దీవించక ఏం చేస్తారు? ఆయన్ని ఇరకాటంలో పెట్టి మీరు చప్పట్లు కొట్టించుకున్నట్టవుతుంది.

ఆస్తి సంగతి పండగలు వెళ్ళాక ముగ్గురూ కూర్చుని చూసుకోండి. సర్వేయరుతో కొలిపించి, భాగపంపకాల దస్తావేజు రాసుకుని, రిజిస్ట్రేషన్ చేయించండి. నోటిమాటగా వదిలేస్తే రేపు మీ పిల్లలూ ఆయన పిల్లలూ కోర్టు మెట్లెక్కుతారు. వరిచేలో మీ వాటా తీసుకుంటారో వదులుకుంటారో మీ ఇష్టం. ఆయన నాటిన తోట జోలికి మాత్రం వెళ్ళకండి.

చివరికి, అన్నయ్య గురించి అడిగినవాళ్ళకి ఏం చెప్పాలన్నారు. ఎవరూ అడగరు. ఆయన ఆ ఊళ్ళోనే ఉన్నారు. మీ క్లాసువాళ్ళలో చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా ఆయన్ని సెంటర్లో టీ కొట్టు దగ్గర చూస్తూనే ఉంటారు. వాళ్ళు మిమ్మల్ని అడిగేది వేరే. 'రాత్రి ఎక్కడ దిగావురా?' అంటారు. ఆ లాడ్జి గది ఇవాళే రద్దు చేయించండి. అన్నయ్య ఇంటికి వెళ్ళిన రోజు లేచి వచ్చేటప్పుడు, శనివారం రాత్రికి ఇక్కడికే వస్తున్నామని వదినతో చెప్పి రండి.