డాక్టర్ సలహా: ఎంత తిన్నా బాబుకు ఆకలి తీరడం లేదు.. వంటింటికి తాళం వేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, బరువు 38 కిలోలు. పుట్టినప్పుడు ఒళ్లంతా మెత్తగా ఉండి పాలు కూడా లాగలేకపోయాడు. ట్యూబుతో, తర్వాత ఉగ్గుగిన్నెతో పట్టాం. మూడేళ్లు దాటాక ఆకలి మొదలైంది. ఇప్పుడు అర్ధరాత్రి లేచి పచ్చి బియ్యం కూడా తింటున్నాడు. జెనెటిక్ టెస్టులో ప్రాడర్ విల్లీ సిండ్రోమ్ అని తేలింది. వంటింటికి తాళం వేస్తే ‘కన్నబిడ్డ కడుపు మాడుస్తావా’ అని మా అత్తయ్య ఏడుస్తున్నారు. బరువు తగ్గడానికి మందు ఉందా? రెండో బిడ్డకూ ఇది వస్తుందా?
- ఒక సోదరి, వరంగల్

జవాబు: అమ్మా, ముందు ఆ తాళం సంగతే చెబుతాను. వేయండి. మనసులో ఏ తప్పు చేస్తున్నానన్న బాధా పెట్టుకోకుండా వేయండి.

తండ్రి నుంచి వచ్చే 15వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న భాగం పనిచేయకపోవడం వల్ల ఈ జబ్బు వస్తుంది. ఇందులో మీ తప్పు గానీ, మీవారి తప్పు గానీ లేదు. కడుపు నిండిందన్న కబురు బాబు మెదడుకు సరిగ్గా అందదు. పొద్దుట్నుంచీ ఏమీ తినకపోతే మనకు ఎలా ఉంటుందో, అన్నం తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే వాడికి అలా ఉంటుంది. అందుకే తిట్టినా, బతిమాలినా ఫలితం ఉండదు. ‘తిండిపోతు’ అనే మాట మాత్రం మీ ఇంట్లో ఇక వినబడకూడదు.

పైగా వీళ్లకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. తోటి పిల్లలకు కావాల్సిన కేలరీల్లో దాదాపు 60 నుంచి 80 శాతంతోనే సరిపోతుంది. ఇంట్లో అందరూ తినేంతే పెట్టినా బరువు పెరుగుతారు. డైటీషియన్‌తో కూర్చుని కొలత రాయించుకోండి. అన్నం తగ్గించి కూర, పప్పు, పల్చటి మజ్జిగ పెంచాలి. తిండి తగ్గించినప్పుడు కాల్షియం, విటమిన్ డి విడిగా ఇవ్వాల్సి వస్తుంది.

నా దగ్గరికి తొమ్మిదేళ్ల పాప ఒకతి వస్తుంది. మొదట్లో కుర్చీలో కూర్చుంటే చాలు, చూపంతా వాళ్లమ్మ హ్యాండ్‌బ్యాగ్ మీదే. వాళ్లు గోడకు ఒక పలక తగిలించి, ఏ టైముకు ఏం పెడతారో రోజూ రాయడం మొదలుపెట్టారు. మిగతాదంతా తాళం లోపలే. మూడు నెలల తర్వాత వచ్చినప్పుడు ఆ పాప నాకే చెప్పింది, ‘నాలుగింటికి జామకాయ డాక్టర్, నాలుగు ముక్కలు’ అని. బ్యాగ్ వైపు చూడలేదు. ఎప్పుడైనా దొరుకుతుందేమో అన్న ఆశే ఈ పిల్లల్ని పగలూ రాత్రీ తిప్పలు పెడుతుంది. టైముకు కచ్చితంగా వస్తుందని, మధ్యలో ఇక దొరకదని తెలిస్తే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. మీ అత్తయ్యగారికి ఈ మాట వివరించండి. నానమ్మ కొంగుచాటున పెట్టే ఒక్క లడ్డూ ఆ నమ్మకాన్ని చెడగొడుతుంది. ఆమెనే పలక రాయమనండి, ఆ టైముకు ఆమె చేత్తోనే పెట్టించండి. స్కూల్లో టీచరుకూ చెప్పి ఉంచండి. పుట్టినరోజు చాక్లెట్లు, పక్కవాళ్ల టిఫిన్ డబ్బాలు మీ కంటికి కనబడవు కదా.

ఒక్క విషయం మాత్రం మరిచిపోవద్దు. ఈ పిల్లలకు నొప్పి తక్కువగా తెలుస్తుంది, వాంతులు అరుదు. పెళ్లిలోనో పండక్కో ఒక్కసారిగా బాగా తిన్నాక కడుపు ఉబ్బినా, వాంతి అయినా, ఎప్పుడూ లేనిది ‘ఆకలి లేదు’ అన్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కడుపు చిట్లే ప్రమాదం ఉంటుంది. గబగబా మింగి గొంతుకు అడ్డం పడటమూ జరుగుతుంది, తినేటప్పుడు పక్కనే ఉండండి.

ఇక మందులు. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఆకలిని తగ్గించదు, కానీ కండను పెంచి కొవ్వును తగ్గిస్తుంది, ఎత్తుకూ సాయపడుతుంది. మీ బాబు బరువు చూస్తే, ముందు స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) చేయించాలి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే వాటి సంగతి చూశాకే ఇంజెక్షన్. ఆకలికే పనిచేసే డయజాక్సైడ్ కోలిన్ అనే మందుకు అమెరికాలో 2025 మార్చిలో అనుమతి వచ్చింది. దానివల్ల షుగర్ పెరగొచ్చు, ఒంటికి నీరు పట్టొచ్చు. ఎవరో తెప్పిస్తామన్నారని సొంతంగా వాడకండి. ఆన్‌లైన్‌లో అమ్మే బరువు తగ్గే పొడుల జోలికి అసలు వెళ్లొద్దు.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బుకు గ్రోత్ హార్మోన్ చికిత్స కూడా ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ అడగండి.

రెండో బిడ్డ విషయం మీ రిపోర్టును బట్టి ఉంటుంది. ఎక్కువమందిలో కనబడే డిలీషన్ (క్రోమోజోమ్‌లో ఆ ముక్కే లేకపోవడం) రకమైతే మళ్లీ వచ్చే అవకాశం సాధారణంగా 1 శాతం లోపే. ఇంప్రింటింగ్ సెంటర్‌లో, అంటే ఆ భాగాన్ని నడిపే స్విచ్ లాంటి చోట, లోపం ఉండి, అది తండ్రి నుంచి వచ్చిందైతే 50 శాతం వరకు ఉండొచ్చు. జబ్బు ఉందో లేదో తేల్చే మిథైలేషన్ టెస్టు ఒక్కటే చేసి వదిలేస్తే ఏ రకమో తెలియదు. నిమ్స్‌కు వెళ్లేటప్పుడు ఆ రిపోర్టు పట్టుకెళ్లి, ఇది ఏ రకమో తేల్చమని అడగండి. గర్భం కోసం ప్రయత్నించే ముందే ఈ పని చేయండి.