‘అంటిన’దా, ‘సోకిన’దా?

సందేహం: ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. వార్డు గోడకు పెట్టే సూచనల పత్రంలో ‘ఆసుపత్రి అంటువ్యాధులు’ అని రాశాం. మా డాక్టరుగారు అది సరికాదన్నారు. మరి ఏమని రాయాలి? జనంలో జబ్బుల తీరును పరిశీలించే ఎపిడెమియాలజీని ‘అంటువ్యాధుల శాస్త్రం’ అనవచ్చా?

సమాధానం: డాక్టరుగారి అభ్యంతరం న్యాయమైనదే. అంటు అంటే తాకు, అతుక్కొను. చేతికి నూనె అంటుతుంది, కాలికి బురద అంటుతుంది. గజ్జి ఒకరి ఒంటి నుంచి మరొకరి ఒంటికి పాకుతుంది కనుక అది అంటువ్యాధి. ఆ మాట వినగానే ఎవరో అంటించారన్న అర్థమే తడుతుంది. కాని మూత్రం పోవడానికి గొట్టం వేసిన రోగిని చూడండి. అతనికి ఇన్ఫెక్షన్ తెచ్చే బాక్టీరియా చాలాసార్లు అతని పేగుల్లోదే. గొట్టం వెంబడి మూత్రాశయంలోకి చేరుతుంది. అంటించినవారు ఎవరూ లేరు.

ఇక్కడ అక్కరకు వచ్చే క్రియ ‘సోకు’. ఎండ సోకుతుంది, గాలి సోకుతుంది, తడి సోకితే ఆవకాయ బూజు పడుతుంది. ఎవరి నుంచి అన్న ప్రశ్న ఈ మాటలో లేదు. కాబట్టి ‘ఆసుపత్రిలో సోకిన ఇన్ఫెక్షన్’ అనండి. ఆ ‘లో’ను మాత్రం వదలకండి, నిర్వచనమంతా అందులోనే ఉంది. రోగి చేరేనాటికి ఒంట్లో లేనిది, లోలోపల పెరుగుతూ కూడా లేనిది, సాధారణంగా 48 గంటలు గడిచాక బయటపడేది ఆ లెక్కలోకి వస్తుంది.

అలాగని ‘అంటు’ను పూర్తిగా తోసిపుచ్చలేను. వియన్నా ప్రసూతి వార్డులో శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు, విద్యార్థులు కాన్పులు చూసేవారు. సబ్బుతో కడిగినా ఆ చేతులను శవం వాసన వదిలేది కాదు. ‘అంటు’కు ఇంతకంటే సూటి అర్థం ఉండదు. 1847 మే నెలలో అక్కడి వైద్యుడు సెమ్మెల్వైస్ క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు చనిపోయిన ఆ వార్డులో జూన్ నాటికి ఆ సంఖ్య రెండుకు దిగింది.

ఇక ఎపిడెమియాలజీకి ‘అంటువ్యాధుల శాస్త్రం’ ఇరుకు చొక్కా. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో బ్రిటిష్ పరిశోధకులు డోల్, హిల్ చూపింది ఈ శాస్త్రం దారిలోనే. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటదు కదా! ‘సాంక్రమిక రోగ విజ్ఞానం’ అన్నా అదే చిక్కు. మకర సంక్రమణంలోనూ, తాత ఆస్తి మనవడికి సంక్రమించడంలోనూ ఉన్నది ఒకచోటి నుంచి మరోచోటికి దాటడమే. ఎపిడెమియాలజీ అన్న పేరులో ఉన్నది గ్రీకు మాట ‘డెమోస్’, అంటే ప్రజలు. ఏ జబ్బు, ఎవరిలో, ఎంతమందిలో, ఎందుకు అని అడిగే శాస్త్రానికి ‘రోగవ్యాప్తి శాస్త్రం’ నాకు నచ్చిన పేరు.

మరో మాట. మన సమాజంలో ‘అంటు’ వెనుక అంటరానితనపు గాయం ఉంది. మంచం పక్క గోడమీద ఆ మాట చదివితే చూడవచ్చిన బంధువులు రోగికి దూరంగా జరుగుతారు. మీ పత్రంలో ఇలా రాయండి: ‘ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు సోకకుండా, రోగిని ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి.’