డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చదివితే ఎన్‌డీఆర్‌ఎఫ్‌లో ఆఫీసర్ పోస్టు ఖాయమా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌లో ఎమ్మెస్సీ చేస్తానని పట్టుబడుతోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు రెండేళ్లకు ఆరు లక్షలన్నారు, ఎన్‌డీఆర్‌ఎఫ్‌లో (జాతీయ విపత్తు స్పందన దళం) ఆఫీసర్ పోస్టు ఖాయమన్నారు. వరదల్లో పడవలెక్కే పని ఆడపిల్లకెందుకని నా బాధ. దీనికంటే డేటా సైన్స్ మేలంటారా? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ముందు ఆ ‘ఖాయం’ సంగతి చూద్దాం. ఎన్‌డీఆర్‌ఎఫ్ బెటాలియన్లలోకి బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ లాంటి కేంద్ర బలగాల వాళ్లు డిప్యుటేషన్ మీద వస్తారు. ఎమ్మెస్సీ సర్టిఫికెట్ పట్టుకెళ్లి ఆఫీసర్‌గా చేరే దారి లేదు. ఈ ఒక్క మాట చాలు, ఆ యూనివర్సిటీ వాళ్ల మిగతా మాటల్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి.

ఈ కోర్సు మీద నాకున్న అనుమానాలూ చెప్తాను. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు. పని చేసేది చాలావరకు రెవెన్యూ సిబ్బందే. బయటివాళ్లను తీసుకునే పోస్టులు తక్కువ, ఉన్నవాటిలో ఎక్కువ కాంట్రాక్టువి. ఐక్యరాజ్యసమితి సంస్థల్లో కింది ఆఫీసరు స్థాయి అయిన పీ-2కే పీజీతో పాటు రెండేళ్ల అనుభవం అడుగుతారు. డిజాస్టర్ మేనేజ్‌మెంట్ తాలింపు లాంటిది, ముందు కింద పప్పు ఉండాలి. మ్యాపింగో, సివిలో, ప్రజారోగ్యమో, ఫ్యాక్టరీ సేఫ్టీయో ఒక విద్య చేతిలో ఉన్నవాళ్లకు ఈ డిగ్రీ కలిసొస్తుంది. అది లేనివాళ్లకు ఇంటర్వ్యూలో ‘విపత్తు చక్రం’ బొమ్మ గీయడం తప్ప చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక మీ పడవ భయం. ప్రణాళిక రాసేవాళ్ల పని ఎక్కువగా మ్యాపులతో, ఎక్సెల్‌తో, ఫోన్లతో. ఉదాహరణకి, తుఫానుకు ముందు 800 మందిని ఒక హైస్కూలుకు తరలించాలి. సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు కావాలి. 20 అడుగులకు 25 అడుగుల తరగతి గదంటే సుమారు 46 చదరపు మీటర్లు, 13 మందికి సరిపోతుంది. 12 గదుల బడిలో 156 మంది పడతారు. ఫైల్లో మాత్రం అదే బడికి ‘కెపాసిటీ 800’ అని ఉంటుంది! ఒక్క రాత్రికైతే ఇరుక్కుని కూర్చుంటారు, మూడో రోజుకి ఇంటిదారి పడతారు, ఊళ్లో వరద నీళ్లు తగ్గకపోయినా సరే. మనిషికి రోజుకు 15 లీటర్ల చొప్పున 12,000 లీటర్ల నీళ్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు మూడు ట్రిప్పులు. మొదట్లో 50 మందికి ఒకటి చొప్పున 16 మరుగుదొడ్లు. కరెంటు పోయి మోటారు ఆగితే ఆ పూటకే అవి వాడలేని స్థితికొస్తాయి. జనరేటరు ఉందని రాస్తారు, దానికి డీజిలు ఎవరు తేవాలో రాయరు. పడవల యజమానుల ఫోన్ నంబర్లు ఎప్పటివో ఉంటాయి. ఇవన్నీ సీజనుకు ముందే సరిచూసి పెట్టడమే ఉద్యోగం.

‘ఆడపిల్లకెందుకు’ అన్నారు, కాస్త గట్టిగానే చెప్తున్నాను, ఏమనుకోకండి. ఇదే అమ్మాయిని హైదరాబాద్‌లో నైట్ షిఫ్టుకు పంపడానికి మీకు అభ్యంతరం ఉండదు. పునరావాస కేంద్రంలో బాలింతకు చాటు కావాలన్నా, ప్యాడ్లు కావాలన్నా మగ ఉద్యోగిని అడగలేక ఆడవాళ్లు నోరు మూసుకుంటారు. అక్కడ ఆడ ఆఫీసరే కావాలి.

మీ అమ్మాయిది కెమిస్ట్రీ అని రాసి, దాన్ని మీరే పట్టించుకోలేదు! 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, నిర్ణీత పరిమాణానికి మించి అలాంటి సరుకు ఉంచే ఫ్యాక్టరీ తన ఆవరణకు అత్యవసర ప్రణాళిక రాసుకోవాలి, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. ఫ్యాక్టరీ బయటి ఊళ్లకు ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది, దానికి డ్రిల్ ఏడాదికోసారి. కాగితం మీద ఉండటం వేరు, జరగడం వేరు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరిన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది పోయారు. సైరన్లు ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. గాలి ఎటు వీస్తోందో చూసి ఏ వీధిని ముందు ఖాళీ చేయించాలో చెప్పగలిగేది రసాయనం గుణం తెలిసిన మనిషే. మీ అమ్మాయి ముందు విశాఖ దగ్గరి పరవాడ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల్లో ల్యాబులోనో ప్రొడక్షన్‌లోనో చేరి, తర్వాత ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఏడాది డిప్లొమా చేయొచ్చు. చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. సేఫ్టీ ఆఫీసర్ అర్హతకు ఇంజినీర్ల కంటే బీఎస్సీ వాళ్లను ఎక్కువ ఏళ్ల అనుభవం అడుగుతారు, కాబట్టి ఓపిక పట్టాలి.

ఎమ్మెస్సీయే కావాలని ఆమె పట్టుబడితే ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) చూడండి, అక్కడ విపత్తుల అధ్యయనానికే ప్రత్యేక స్కూలుంది. ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నో పీజీ డిప్లొమా చాలు. ఏ దారైనా మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఇప్పుడే మొదలుపెట్టమనండి. ఉచితం, ఇస్రో భువన్ మ్యాపులతో మీ మండలం ముంపు పటం గీసి చూపిస్తే ఏ ఇంటర్వ్యూలోనైనా అది పనికొస్తుంది.

డేటా సైన్స్‌తో పోలిక అడిగారు. మొదటి జీతం అక్కడే ఎక్కువ కావచ్చు, పోటీ కూడా అక్కడే ఎక్కువ. లెక్కలంటే ఇష్టం లేకపోతే రెండో సెమిస్టర్‌కే నీరసం వస్తుంది. ఆమె ఇష్టం కెమిస్ట్రీ అయినప్పుడు ఈ పోలిక ఎంత సాగదీసినా లాభం లేదు.

ఆరు లక్షలు కట్టేముందు ఆ యూనివర్సిటీకి ఒక మెయిల్ పెట్టండి: గత రెండు బ్యాచ్‌ల వాళ్లు ఏ సంస్థలో, ఏ హోదాలో, పర్మినెంటా కాంట్రాక్టా అని. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ కట్టొద్దు.