ఫోన్‌లో బడి పెడుతున్న బుజ్జికి

ఆదోని,
2020 ఆగస్టు 9.

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, నీ కొలువు నిలబెట్టేదానికి మా ఇంట్లో ఒకతి తయారైంది" అంది. కరోనాకు బళ్లు మూసేశారు కదా, ఈ సోమవారం నుంచి రెండో తరగతి పిల్లలకు ఫోన్‌లో పాఠాలు చెబుతావట. ముప్పై మంది పిల్లలట, అర్ధ జీతమట. నాకు గర్వంగానే ఉంది, నలుగురికి చెప్పుకున్నాను కూడా. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఎదురుగా కూర్చున్న పిల్లల బుర్రలో ఏముందో కనుక్కోలేక నేనే ఎన్నోసార్లు బోల్తా పడ్డాను. కనపడని పిల్లలతో ఈ పిల్ల ఎట్లా నెగ్గుకొస్తుందా అని ఒకటే దిగులు. తెల్లారి కాఫీ తాగి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వాట్సాప్‌లో టైపు చేయొచ్చు కదా అంటావు. ఆ బుల్లి అక్షరాలు నా వేళ్లకు దొరకవమ్మా. మీ అన్న ఫోటో తీసి పంపుతాడు, పెద్దది చేసుకుని చదువుకో.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఫోన్ చేత్తో పట్టుకోకు, డబ్బాకో గ్లాసుకో ఆనించు. కిటికీ వెలుతురు నీ ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. కుక్కర్ ఆ టైముకు పెట్టొద్దని మీ అమ్మకు చెప్పు. డబ్బు కట్టని జూమ్ 40 నిమిషాలకు ఆగిపోతుందట. ఆగనీ, పిల్లల కళ్లకు అదే మంచిది.

అక్షరాలు కాగితానికి ఒకటి చొప్పున, లావు స్కెచ్ పెన్నుతో రాసి చూపించు. చిన్న ఫోన్‌లో ప, వ, ష మూడూ అక్కచెల్లెళ్లలాగే కనిపిస్తాయి. మైకులో ల, ళ తేడా తెలియదు. ళ పలికేటప్పుడు నోరు ఫోన్‌కు దగ్గరగా తెచ్చి, నాలుక ఎట్లా మడతపడుతుందో చూపించు. పిల్లలు నవ్వుతారు, నవ్వితే గుర్తుంటుంది. ఇంకొకటి. మొన్న మీ అన్న నాకు జూమ్ చూపిస్తుంటే పలక మీద 'అమ్మ' అని రాసి పట్టుకున్నాను. తెర మీద అది తిరగబడి కనిపించింది. ఇదేం పాడు చదువురా అని గాబరాపడి పోయాను. అవతల గదిలో మీ వదిన తన ఫోన్ తెచ్చి చూపిస్తే అందులో చక్కగా ఉంది. మనకు మాత్రమే అద్దంలో చూసినట్టు ఉంటుందట, పిల్లలకు సరిగ్గానే కనిపిస్తుందట. నువ్వు కూడా తెలియక తిప్పి రాసేవు సుమా.

మీ స్కూలు వాళ్లు రోజుకు అయిదు పీరియడ్లు వేశారని విని నాకు ఒళ్లు మండింది. ఏడేళ్ల పిల్లను అయిదు పీరియడ్లు ఫోన్ ముందు కూర్చోబెడతారా! పోయిన నెల కేంద్రం 'ప్రజ్ఞాత' అని మార్గదర్శకాలు ఇచ్చింది. ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు క్లాసులకు మించొద్దు, ఒక్కో క్లాసు 30 నుంచి 45 నిమిషాలే అని అందులో ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి మీ ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టు. కొత్తగా చేరినదానివి, గొడవ పెట్టుకోకు, నవ్వుతూ పెట్టు. వినకపోతే నీ చేతిలో ఉన్నది నువ్వు చెయ్యి. ముప్పై మందినీ ఒకేసారి పిలవకుండా అయిదారుగురిని ఒక జట్టు చేసి, జట్టుకు ఇరవై నిమిషాలు చెప్పు. నీకు కష్టమే. కానీ ముప్పై మందిలో ప్రతి ఒక్కరి గొంతూ ఆ రోజు నీ చెవిన పడుతుంది.

ఈ గొంతు సంగతే అసలు నేను రాయాలనుకున్నది. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, మీ పెదనాన్నకు తప్ప.

2004లో నేను కోసిగి పక్క ఒక పల్లెలో పనిచేస్తున్నాను. అయిదు తరగతులకు ఇద్దరం టీచర్లం. అప్పట్లో సర్కారు బళ్లకు ఆకాశవాణిలో 'విందాం నేర్చుకుందాం' అని పాఠాలు వచ్చేవి. పాటలుండేవి, మాటలుండేవి, మధ్యలో ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పేదానికి కాసేపు ఆగేవారు. ఆ ఆగడం ఎందుకంటే, టీచరు పక్కన నిలబడి ఎవరేం అంటున్నారో వినాలని. నేనేం చేశానంటే, రేడియోను బల్ల మీద పెట్టి, ఆ కాసేపూ హాజరుపట్టీ, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్కలు రాసుకునేదాన్ని. పిల్లలు గోల గోలగా జవాబులు అరిచేవాళ్లు, రేడియో తర్వాతి మాటకు పోయేది. అంతమంది అంత గట్టిగా అరుస్తుంటే అందరికీ వచ్చేసిందనుకున్నాను. రేడియోకు పిల్లలు కనపడరు, అది దాని తప్పు కాదు. నాకు కళ్లున్నాయి కదా!

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఎప్పుడూ అన్నయ్య చొక్కా తొడుక్కుని, చేతులు మడిచి వచ్చేది. ఒకరోజు తీసివేతలు ఇచ్చాను. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాసింది. 41లోంచి 18 పోతే 37 అంది. 63లోంచి 29 పోతే 46. పదికి పదీ తప్పు. ఎర్ర పెన్నుతో అడ్డంగా గీతలు కొట్టి, అరచేతి మీద ఒకటి వేసి, ఒక్కోటి పదిసార్లు రాసుకు రమ్మన్నాను. ఏడవలేదు ఆ పిల్ల. మరునాడు వంద లెక్కలూ చేసి తెచ్చి ఇచ్చింది. చూసే తీరిక లేక బీరువాలో పడేశాను.

ఆ వారంలోనే ఊరు సుగ్గికి పోయింది. నువ్వు కర్నూల్లో పెరిగినదానివి, నీకు తెలియదు. మా పక్క వానలు లేని ఏడు దీపావళి దాటితే గుంటూరు పక్క పత్తి తీసేదానికీ, మిరపకాయలు కోసేదానికీ పోతారు. చట్లు, చాపలు, కోళ్లు, పిల్లలు అన్నీ ఒకే లారీలో ఎక్కుతాయి. ఇంటికి తాళం, వాకిట్లో ఒక ముసలవ్వ. బడిలో సగం మంది లేరు. తీరిక దొరికిందని బీరువాలోని నోటుపుస్తకాలు దిద్దుతుంటే ఆ వంద లెక్కలు బయటపడ్డాయి. 35, 35, 35... పదిసార్లూ 35. ఒక్కచోట కూడా చెయ్యి తడబడలేదు. అప్పుడు చూశాను, ఒకట్ల స్థానంలో ఎక్కడ పైన చిన్న అంకె ఉందో అక్కడల్లా కింది పెద్ద అంకెలోంచి దాన్ని తీసేసింది. పిచ్చి లెక్క కాదది. 'చిన్నదాంట్లోంచి పెద్దది పోదు' అని నేను నెలంతా పాడించాను బుజ్జీ. పోదన్నారు కాబట్టి పెద్దదాంట్లోంచి చిన్నది తీసింది. నేను చెప్పిన మాట విన్నందుకే దెబ్బ తినింది.

"ఎట్ల చేసినావు పాపా?" అని ఒక్కసారి అడిగి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది.

ఉగాది దాటాక వాళ్లు తిరిగొచ్చారు. ఆ పిల్లను అరుగు మీద కూర్చోబెట్టుకుని, అగ్గిపుల్లలు పదేసి కలిపి దారంతో కట్టి, అయిదు కట్టలూ రెండు విడి పుల్లలూ ముందు పెట్టాను. "ఇందులోంచి నాకు ఇరవై ఏడు ఇయ్యి" అన్నాను. రెండు కట్టలు ఇచ్చింది. విడివి రెండే ఉన్నాయి. వాటిని చూసింది, నన్ను చూసింది, నా చేతిలో బెత్తం ఉందేమో కూడా చూసింది. చాలాసేపటికి "కట్ట ఇప్పొచ్చా టీచర్?" అంది. ఇప్పవే తల్లీ అన్నాను. పంటితో దారం తెంపి, పుల్లలు ఒక్కోటీ లెక్కపెట్టి ఏడు నా అరచేతిలో పెట్టింది. మిగిలినవి ఎన్నని అడిగితే 25 అని తనే చెప్పి, తన పాత 35 గుర్తొచ్చిందేమో, నోటి మీద చెయ్యి వేసుకుంది.

మరుసటేడు బడికి రాలేదు. సీడు పత్తి చేలలో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అంటించే పనికి పెట్టారన్నారు. రెండుసార్లు వాళ్లింటికి పోయి అడిగాను, మూడోసారి పోలేదు. బస్సు టైమయిందని సర్ది చెప్పుకున్నాను.

అందుకే చెబుతున్నా. రేపు నీ ఫోన్‌లో ముప్పై గళ్లుంటాయి. అందరినీ మ్యూట్ తీయమని "అర్థమైందా?" అంటే అందరూ "అయింది మిస్" అంటారు, బొటనవేలి బొమ్మలు పెడతారు. దానికి మురిసిపోకు. హోంవర్కు ఫోటోలు వస్తాయి, టిక్కులు కొట్టి వదిలేయకు. తప్పు చేసిన పిల్లను "ఎట్ల చేసినావో నాకు వాయిస్ మెసేజ్ పెట్టు నాన్నా" అని అడుగు. రాత్రి అన్నం తిన్నాక మిద్దె మీద నడుస్తూ వినొచ్చు. పక్కన వాళ్లమ్మ గుసగుసగా జవాబు అందిస్తుంటుంది, అది నీకు వినపడుతూనే ఉంటుంది. పట్టుకుని పరువు తీయొద్దు. ఆ తల్లికి కూడా టెన్షనే. 'అమ్మకు నువ్వు నేర్పించు' అని పిల్లకే పని పెట్టు. ప్రశ్న అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టుకో, సిగ్నల్ పోయి రావడానికే రెండు అయిపోతాయి.

ఫోన్‌లో తిట్టొద్దు. ఇది చాలా ముఖ్యం. బడిలో ఒక మాట అంటే గంట కొట్టేసరికి పిల్ల మర్చిపోతుంది. ఇక్కడ ఇంటిల్లిపాదీ వింటుంటారు. నువ్వు "సరిగ్గా చదవడం లేదు" అని పెట్టేసే ఒక్క మాటకు అవతల వీపు విమానం మోత మోగుతుంది, నీకు తెలియను కూడా తెలియదు. వీడియో పెట్టమని కూడా పట్టుపట్టొద్దు. ఒకటే గది ఇళ్లుంటాయి, వెనకాల స్నానానికి పోయేవాళ్లుంటారు, మంచంలో ముసలాయన ఉంటాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలూ నీ క్లాసులో ఉంటారు. వాళ్లు ఆలస్యంగా పలికితే రాదనుకోకు, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వస్తున్నారంతే.

ఒక గడి రెండు రోజులు నల్లగా ఉంటే మాత్రం ఊరుకోకు. ఫోన్ నాన్నది. నాన్న ఆటో తోలితే ఫోన్ పొద్దున్నే ఆటోతో పోతుంది. రీఛార్జికి డబ్బుల్లేకపోవచ్చు, ఇంట్లో ఎవరికైనా జ్వరం రావచ్చు, కర్నూల్లో ఏప్రిల్ నుంచి మనం చూస్తున్నదే కదా. సాయంత్రం ఏడుకు మామూలు ఫోన్ చెయ్యి. నెట్ లేని ఫోన్‌కు కూడా పాఠం చెప్పొచ్చు, నేను చెబుతున్నా కదా. టీవీ ఉన్న ఇల్లయితే సప్తగిరి ఛానెల్‌లో పాఠాలు వస్తున్నాయి, టైము కనుక్కుని చెప్పు. రెండుసార్లు చేశాక మూడోసారి కూడా చెయ్యి.

నీకు గుర్తుందో లేదో, 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మీరంతా మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నారు. నీళ్లు తగ్గాక నిన్ను మా ఇంటికి తెచ్చుకున్నాను. పదకొండేళ్ల పిల్లవు. నీ పుస్తకాలు బురద పట్టి అట్టల్లా అతుక్కుపోతే మన మిద్దె మీద రాళ్లు పెట్టి ఎండబెట్టాను. నువ్వు వాటి వంక చూడలేదు. "పెద్దమ్మా, మా టీచర్ ఇల్లు కూడా మునిగిందా? మా టీచర్ ఉంటుందా?" అని రోజూ అదే అడిగావు. ఆమె నంబరు సంపాదించేసరికి వారం పట్టింది. ఆమె ఫోన్‌లో "బాగున్నావా బంగారూ, నోట్సు రాసుకున్నావా?" అన్నదో లేదో, నువ్వు గబగబా పోయి ఆ అతుక్కున్న కాగితాలు ఒక్కోటీ విడదీయడం మొదలుపెట్టావు. మర్నాటి నుంచి మా పెరట్లో కోళ్లకు ఎక్కాలు చెప్పావు. రానివాటిని తిట్టావు కూడా. ఆ తిట్లు నావే, నీ నోట్లో విని సిగ్గుపడ్డాను.

సోమవారం మొదటి రోజు పాఠం పెట్టుకోకు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, పొద్దున ఏం తిన్నావని అడుగు. ముప్పై పేర్లూ ఇప్పటి నుంచే నోటికి పట్టించుకో.

లెక్కలకు బొమ్మలు, వీడియోలు వెతుక్కుంటూ రాత్రుళ్లు మేలుకోవద్దు. ఏ ఇంట్లో అయినా వేరుశెనగ బుడ్డలో, చింతగింజలో, అగ్గిపుల్లలో ఉంటాయి. పిల్లల్ని గుప్పెడు తెచ్చుకుని కూర్చోమను. పదులు కట్ట కట్టించు, విప్పించు. నువ్వు విప్పి చూపించడం కాదు, వాళ్ల చేతులతో విప్పాలి. కాస్త ఆలస్యమవుతుంది, కానివ్వు.

జీతం సగమే ఇస్తామన్నారని మీ నాన్న నసుగుతుంటే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతా. గొంతుకు వేడినీళ్లు, మిరియాలు. బయటికి పోతే మాస్కు.

మీ అన్న మంగళవారం పని మీద కర్నూలు వస్తున్నాడు. ఒక సంచీలో బుడ్డలు పంపుతున్నాను, పచ్చివే. అందులో చిన్న గుడ్డ మూట విడిగా ఉంది, అది నీ క్లాసుకు. లెక్కపెట్టి మూడు వందలు కట్టాను. మీ అమ్మ పొరపాటున వాటిని కూడా ఉడకబెట్టేస్తుంది, దాచిపెట్టుకో. తక్కువొస్తే మీ అన్నను అడుగు, బస్సులో వాడి చెయ్యి ఊరుకోదు.

నీ పెద్దమ్మ