ఫ్లైట్ టెస్ట్ పనిలో చేరిన స్వాతికి పెదనాన్న ఉత్తరం

చి. స్వాతికి,

ఆశీస్సులు. బెంగళూరులో ఫ్లైట్ టెస్ట్ విభాగంలో చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మొదటి ఏడాదంతా నీ చేత కేబుళ్లకు లేబుళ్లు అంటింపిస్తారు, పాత రికార్డులు సర్దిస్తారు. ఎంటెక్ చదివింది ఇందుకా అని విసుక్కోకు. ఆ పని విలువ తెలియాలంటే అమెరికావాళ్ల వైఎఫ్-12 విమానం కథ తెలుసుకోవాలి. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ కొత్తగా చేరిన పిల్లలకు మొదట ఈ కథే చెప్పేవాణ్ణి.

శత్రువుల బాంబర్లు దేశం దాకా రాకముందే ఎదురెళ్లి కూల్చడానికి లాక్‌హీడ్ విమానాల కంపెనీలో డిజైనర్ కెల్లీ జాన్సన్ బృందం తయారుచేసిన విమానం అది. సీఐఏ కోసం అప్పటికే కట్టిన ఏ-12 గూఢచారి విమానమే దీనికి మూలం. 1963 ఆగస్టు 7న నెవాడా ఎడారిలో జేమ్స్ ఈస్ట్‌హమ్ దాన్ని మొదటిసారి ఎగరేశాడు. చేసినవి మూడే. 1965 మే 1న గంటకు 2,070 మైళ్ల వేగం, 80,257 అడుగుల ఎత్తు అందుకుని రికార్డులు కొట్టింది. పేపర్లలో వచ్చింది ఇదే. నీకు పనికొచ్చేది వేరే ఉంది.

ఏ-12 ముక్కు పక్కలకు పలచగా, కత్తి అంచులా సాగి ఉండేది. వైఎఫ్-12లో పెద్ద రాడార్ పెట్టాలి కాబట్టి ఆ అంచులను ముందు భాగంలో కోసేసి గుండ్రటి ముక్కు పెట్టారు. దాంతో విమానం తిన్నగా నిలబడే గుణం తగ్గింది. చివరికి వెనక పొట్ట కింద పెద్ద ఫిన్ (నిలువు రెక్క) ఒకటి, ఇంజన్ల కింద చిన్నవి రెండు తగిలించాల్సి వచ్చింది. పెద్దది నేలకు తగులుతుంది కాబట్టి టేకాఫ్‌కు, ల్యాండింగ్‌కు పక్కకు మడిచేవాళ్లు. చూశావా, మార్చింది ముక్కు, బాధ తోకకి! ఎవరైనా "చిన్న మార్పేనమ్మా" అంటూ కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే, దాని ప్రభావం ఇంకెక్కడ పడుతుందో అడిగి తెలుసుకున్నాకే పెట్టు.

ఆ రాడార్‌నీ, విమానం నుంచి వదిలే క్షిపణినీ మాత్రం నేరుగా ఈ విమానంలో పెట్టి చూడలేదు. ముందు ఒక బీ-58 బాంబర్ ముక్కు సాగదీసి, అందులో అమర్చి పరీక్షించారు. కొత్త విమానం, కొత్త రాడార్, కొత్త క్షిపణి, మూడూ ఒకేసారి గాలిలోకి లేస్తే తప్పు దేనిదో తేల్చడం ఎవరి తరం? ఆ ఓపిక వల్లే తర్వాత వైఎఫ్-12 నుంచి వదిలిన ఏడు క్షిపణుల్లో ఆరు గురి చేరాయి. షెడ్యూల్ టెన్షన్‌లో మీ పైవాళ్లు రెండు కొత్త వస్తువులు కలిపి పరీక్షిద్దాం అంటే, ఎందుకు కూడదో మర్యాదగానే చెప్పు. కానీ చెప్పు.

ఇక రికార్డుల సంగతి. ఈ విమానాలు దాదాపు అంతా టైటానియమే. (సోవియట్ బాంబర్లను కూల్చడానికి కట్టిన విమానానికి లోహంలో చాలా భాగం సోవియట్ యూనియన్ నుంచే దొడ్డిదారిన వచ్చింది, అది వేరే తమాషా.) వేసవిలో వెల్డింగ్ చేసిన ప్యానెళ్లు తొందరగా పాడవుతున్నాయి, చలికాలంలో చేసినవి బాగానే ఉంటున్నాయి. లోహం అదే, చేసేవాళ్లూ వాళ్లే. ప్రతి ముక్కకూ పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టుకున్నారు కాబట్టి కూపీ లాగితే దొరికింది. వేసవిలో నాచు పట్టకుండా లాక్‌హీడ్ ఫ్యాక్టరీ ఉన్న బర్‌బ్యాంక్ ఊరి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలిపేవాళ్లు. ప్యానెళ్లు కడిగేది ఆ నీళ్లతోనే! అలాగే కాడ్మియం పూత ఉన్న పానాలతో బిగించిన బోల్టులు వేడెక్కగానే తలలు ఊడిపోయేవి. ఏ పానాతో బిగించారన్నది కూడా డేటానే. నువ్వు అంటించే లేబుల్ ఏదో ఒక రోజు ఇలాగే ఎవరికో అక్కరకొస్తుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైన ఘట్టం నాసాది. 1969 చివరి నుంచి 1979 దాకా నాసా, వైమానిక దళం కలిసి ఈ విమానాలను కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో పరిశోధనకు వాడుకున్నాయి. రెక్కలో స్ట్రెయిన్ గేజ్‌లు పెట్టారు, గాలి ఎంత బలంగా వంచుతోందో కొలవడానికి. కానీ మాక్ 3 (ధ్వనికి మూడు రెట్ల వేగం) దగ్గర పైరేకు 250 డిగ్రీల సెల్సియస్ దాటి కాలుతుంది, లోపలి భాగాలు అంత త్వరగా వేడెక్కవు. ఆ తేడాకే లోహం లాక్కుపోతుంది. గేజ్ చూపించే అంకెలో గాలి వాటా ఎంత, వేడి వాటా ఎంత? గేజ్‌కు ఆ తేడా తెలియదు. అందుకని విమానాన్ని ప్రయోగశాలలోకి తెచ్చి, చుట్టూ హీటర్లు బిగించి, ఎగిరినప్పుడు నమోదైన ఉష్ణోగ్రతలనే నేలమీద తెప్పించారు. ఇక్కడ గాలి తోపు లేదు, వేడి ఒక్కటే. ఆ వాటాను మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది గాలిది. ఎంత తేట లెక్కో చూడు! నీ స్క్రీన్ మీద అంకె కనిపించినప్పుడల్లా ఇందులో ఎవరి వాటా ఎంత అని అడుగు.

యుద్ధ విమానంగా మాత్రం అది సేవలోకి రాలేదు. 93 విమానాలు కొందామని అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) డబ్బు కేటాయించినా రక్షణ మంత్రి మెక్‌నమారా ఖర్చు పెట్టనివ్వలేదు, 1968లో రద్దయింది. మూడింటిలో ఒకటి 1971 జూన్ 24న ఇంధన గొట్టం విరిగి మంటలంటుకుని కూలిపోయింది. లోపలున్న ఇద్దరూ ఎజెక్ట్ అయి బతికారు. ఎగిరే విమానం పంపే అంకెలు నేలమీద చూసే టెలిమెట్రీ గదిలో నువ్వు కూర్చునే రోజు వస్తుంది. అంకె హద్దు దాటితే ఇంకోసారి చూసి చెబుదాంలే అనుకోకు, గదిలో పెద్దవాళ్లున్నారని మొహమాటపడకు. వెంటనే గట్టిగా చెప్పెయ్. తప్పుడు అలారమైతే ఆ పూటకి నలుగురూ విసుక్కుంటారు, అంతే.

నాసా ఆ నివేదికలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టింది. ముందు రెక్క వేడి చేసిన పరీక్షలవి చదువు. ఇంజన్ ఇన్‌లెట్ల (గాలి లోపలికి వెళ్లే మూతుల) మీద ఉన్నవాటిలో లెక్కలు కాస్త గట్టిగా ఉంటాయి, తర్వాత తీరిగ్గా చూడు. ఎక్కడైనా ఆగిపోతే ఆదివారం పొద్దున ఫోన్ చెయ్, పదకొండు తర్వాతైతే మీ పెద్దమ్మ నన్ను సంతకు తీసుకుపోతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న