బిడ్డా, ప్లాను పెట్టేముందు టేపు పట్టు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసింది, 200 గజాల ప్లాట్ల ఇల్లు మొదలుపెడ్తున్నరట, పర్మిషన్ ఆన్‌లైన్లనే ఒక్కరోజుల వస్తదట కదా అన్నా అని అడిగింది. వస్తది. 2020ల తెలంగాణల బీపాస్ చట్టం, అంటే ఆన్‌లైన్ల ఇంటి పర్మిషన్ ఇచ్చే చట్టం, వచ్చినంక 75 గజాల లోపు చిన్న ఇంటికైతే రూపాయి కట్టి రిజిస్టర్ చేస్కుంటే చాలు, 600 గజాల దాకా, ఎత్తు 10 మీటర్లు దాటకపోతే నువ్వు రాసిచ్చిన మాట నమ్మి వెంటనే ఇస్తరు, అంతకన్నా పెద్దయి అయితే 21 రోజుల గడువు. కానీ ఆ "నువ్వు రాసిచ్చిన మాట" దగ్గరనే ఉంది కథ అంతా. మా రోజుల్ల ఆఫీసాయన ముందే సైటుకొచ్చి తప్పు పట్టేటోడు, తిట్టుకునేటోళ్ళం గానీ తప్పు కాగితం మీదున్నప్పుడే దొరికేది. ఇప్పుడు పర్మిషన్ ఇచ్చినంక వచ్చి చూస్తరు, నువ్వు చెప్పింది అబద్ధమైతే నోటీసు లేకుండనే కూలగొట్టొచ్చని చట్టంలనే ఉంది.

అందుకే ఫస్టు టేపు పట్టు. దస్తావేజుల 36 ఇంటూ 50 అని ఉంటది, కరెక్టే, 1800 అడుగులు, 200 గజాలు. నేలమీద కొలిస్తే? పోయినేడాది మనోళ్ళ ప్లాటు ఒకటి కొలిచిన, తూర్పు దిక్కు పక్కాయన ప్రహరీ పునాది రాళ్ళు అడుగున్నర ఇటొచ్చినయి, గోడ పైకి చూస్తే నిటారుగనే ఉంది, కింద మట్టి తవ్వితే గానీ తెల్వలే. కాగితంల ఒకటి నేలమీద ఒకటి ఉంటే ఏది తక్కువుంటే దానిమీదనే ప్లాను గీయాలె.

ఇంక రోడ్డు. మీ వీధి 20 అడుగులే అని అమ్మ చెప్పింది. రూలు ప్రకారం 30 చేయాలంటే మీ దిక్కు 5 అడుగులు వదలాలె, 36 అడుగుల ముఖం కాబట్టి 180 అడుగులు అంటే 20 గజాలు పోయినట్టే, 180 గజాలే మిగుల్తయి. సెట్‌బ్యాక్, అంటే ఇంటి గోడకు హద్దుకు నడుమ ఖాళీగ వదిలే జాగా, ఆ వదిలిన గీత కాడినుంచి లెక్క. ఇది ముందు చూస్కోకుండ హాలు ఇంత బెడ్‌రూము అంత అని మీ ఆయన యూట్యూబ్ చూసి గీసిన డ్రాయింగ్ ఉంది చూడు, అది పక్కన పెట్టు, ఏమనుకోకు.

ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్ల ప్లాటును ఫీజు కట్టి రెగ్యులర్ చేస్కునుడు, దాని సంగతి అడుగుడు మర్చిపోకు. వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేసిన రసీదు వేరు, ఫీజంతా కట్టినంక వచ్చే ప్రొసీడింగ్ కాగితం వేరు, చానామంది రసీదు చూపించి అయిపోయిందంటరు. లింకు డాక్యుమెంట్లు అంటే పాత దస్తావేజులు, ఈసీ అంటే ప్లాటు మీద అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం, ఇవి ఎట్లాగూ తీస్తవ్. మాస్టర్ ప్లాన్ల మీ సర్వే నంబరు రెసిడెన్షియల్లనే ఉందా, దాంట్లకెల్లి కొత్త రోడ్డు ఏమన్నా గీసిండ్రా, అది కూడా. వెనకాల నాలా ఉందంటివి, వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు వదలాలె, లోపలైతే 2 మీటర్లు. ఎండాకాలంల చూసి ఇదేం నాలా అనుకోకు, ఒక గట్టి వాన పడ్డ తెల్లారి పోయి చూడు.

నా తప్పు కూడా చెప్త, నవ్వకు. ఇరవై ఎనిమిదేండ్లు ఊరందరికీ ప్లాన్లు గీసినోన్ని, నా ఇంటికాడ మీ అత్తమ్మ మెట్లు బయటికి కావాలన్నదని పడమర సెట్‌బ్యాక్‌ల మెట్లు కట్టిన, మూడడుగులే కదా ఎవరు చూస్తరు అనుకున్న. ఓసీ, అదే ఇల్లు ప్లాను ప్రకారమే కట్టిండ్రు, ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్, రాలే. ఇంటి పన్ను మీద పెనాల్టీ ప్రతి ఏడు కడ్తున్న, చిన్నోని చదువుకు ఇంటిమీద లోన్ అడిగితే బ్యాంకాయన ప్లాను పక్కన పెట్టుకొని మెట్ల కాడ పెన్ను ఆపిండు, నేను గీసిన ప్లానే అది. మెట్ల విషయం మీ అత్తమ్మ ముందు ఎత్తకు.

లైసెన్సు ఉన్న ఇంజనీరునే పెట్టుకో, సంతకం ఆయనది, మాట ఇచ్చేది నువ్వు, అప్‌లోడ్ చేసేముందు ప్రతి పేజీ నువ్వు చదువు, ఓటీపీ ఎవరికీ ఫోన్ల చెప్పకు.

ఆదివారం పొద్దున ఏడింటికి ప్లాటు కాడికి రా, ఎండెక్కకముందే కొలుద్దాం. దస్తావేజు జిరాక్స్ తెచ్చుకో, పక్కాయనకు కూడా చెప్పు నిలబడమని, గడ్డపార ఒకటి పట్టుకురా, టేపు నాకాడుంది.

మీ మామ